మెదడులో గుర్తుపెట్టిన కణములు

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు సూళ్లూరుపేట మేడలపై నిలిచినవారికి దాని మంట కొన్ని నిమిషములే కనబడును. మేఘముల మాటు పడినపిమ్మట కన్ను దానిని వెంబడింపజాలదు. అయినను కేంద్రములోనివారు దాని జాడ విడువరు. రాకెట్టులో నమర్చిన యంత్రము రేడియో తరంగములకు బదులు పలుకుచుండును. ఆ బదులే దాని యానవాలు.

కపాలము మాటున నున్న మెదడును గూర్చియు శాస్త్రజ్ఞులు ఇట్టి యుపాయమునే వెదకిరి. మనుష్యుని మెదడులో నించుమించు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఆసుపత్రులలో మన మెఱిగిన ఎం.ఆర్.ఐ. యంత్రము వానిని విడివిడిగా జూపలేదు. అది చూచునది ముఖ్యముగా నీటిని. గొప్ప అయస్కాంతము నడుమ రోగిని బరుండబెట్టి రేడియో తరంగములను పంపగా, దేహమందలి నీటిలోని ఉదజని పరమాణువులు బదులు పలుకును. ఆ పలుకుల తేడాలే చిత్రమగును. ఒక్క ఘన మిల్లీమీటరులో వేలకొలది కణములు కలిసిపోవుచుండగా, మనకు వలసినవి యెవ్వియో తెలియుటెట్లు?

అందులకే గుర్తుపెట్టుట. అతిసూక్ష్మమైన ఇనుప ఆక్సైడు రేణువులను కణములు మ్రింగునట్లు చేసినచో, ఆ యినుము చుట్టునున్న అయస్కాంత క్షేత్రమును చెదరగొట్టును. చిత్రములో నల్లని మచ్చ పడును. మాంగనీసు తీరు వేరు. పనిచేయుచున్న నాడీకణము కాల్షియము వచ్చు ద్వారముననే దానిని లోనికి రానిచ్చును. ఆ చోటు తెల్లగా వెలుగును. 1997లో లిన్, కోరెట్‌స్కీ యను శాస్త్రజ్ఞులు ఎలుకలయందు దీనిని జూపిరి. అయితే మోతాదు మించిన మాంగనీసు నాడులకే విషము.

2005లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు మఱింత చమత్కారమైన పని చేసిరి. రక్తహీనతకు పరీక్ష చేయించుకొన్న సోదరీమణులు ఫెరిటిన్ పేరు వినియే యుందురు. ఇనుమును దాచుకొను మాంసకృత్తు అది. దాని జన్యువును చిట్టెలుక మెదడులోనికి బంపి, కణమే తన గుర్తును తాను తయారుచేసికొనునట్లు చేసిరి.

మనుష్యుల మాట యేమి? 2006లో షాంఘై వైద్యులు, తలకు దెబ్బతగిలినవారి మెదడునుండి తీసిన మూలకణములకు ఇనుప గుర్తుపెట్టి, తిరిగి వారి మెదడులోనే చేర్చి, వాని కదలికను చిత్రములలో గనిపెట్టిరి.

ఇచ్చటనే తల్లులు జాగ్రత్తగా నుండవలసిన సంగతి యొకటి కలదు. చేర్చిన కణము చనిపోయినను దాని యినుము పోదు. మెదడును శుభ్రపఱచు కణములు దానిని మ్రింగును. నల్లమచ్చ యట్లే నిలుచును. రక్తస్రావమైనను అట్టి మచ్చయే పడును. కావున మచ్చ కనబడినంతమాత్రమున “మీ బిడ్డ మెదడులో క్రొత్త కణములు బ్రదికియున్నవి” యని చెప్పుట చెల్లదు. ఫెరిటిన్ జన్యువుతో ఈ చిక్కు కొంత తగ్గును గాని, జన్యువును జొప్పించుట ఇంకొక చిక్కు.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 నియమావళి ననుసరించి, మెదడు జబ్బులకు మూలకణములు పరిశోధనగానే వాడదగును. చికిత్స యని చెప్పి అమ్మరాదు. అట్టి చిత్రము నెవరైన జూపి రొక్కమడిగినచో, అది నమోదైన పరిశోధనయేనా యని ముందుగా నడుగుడు.