పదుగురి దానము, ఒక్క వైద్యశాల

గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు నగరవాసులే కాక, పలనాటినుండియు, ప్రకాశము జిల్లా మెట్టగ్రామములనుండియు రోగులు వచ్చుచుందురు. ప్రత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును కూలికి పోవువారు వీరిలో అనేకులు. వీరికి జబ్బు ఒక కష్టము. ఆ దినముల కూలి పోవుట రెండవ కష్టము. పెద్దచికిత్స బయట చేయించుకొనవలసివచ్చినచో అప్పే గతి. కనుక ఈ ఆసుపత్రిలో ఏ వైద్యము దొరకును, ఏది దొరకదు అనునది ఎన్నో కుటుంబముల బ్రతుకుతెరువునకు సంబంధించిన విషయము.

ఇంతటి భారమును ఏ ఒక్క దాతయు మోయజాలడు. దాతలు కలసి పనిచేయు పద్ధతి ఎట్టిదో గుంటూరు చరిత్రయే తెలుపుచున్నది.

1883లో అమెరికానుండి వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ ఇచ్చట స్త్రీలకును, పిల్లలకును వైద్యము చేయనారంభించెను. ఆమె ఆసుపత్రి 1898లో తెరువబడెను. అమెరికాలోని లూథరన్ స్త్రీల సమాజము దానికి అండగా నిలిచెను. అటుపిమ్మట ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావుగారు రోగుల బంధువులు బసచేయుటకు ఒక సత్రమును కట్టించిరి. రాజాగారు పోటీగా మరొక ఆసుపత్రిని కట్టలేదు. ఉన్నదానికి ఏది కొరతయో కనుగొని, దానిని తీర్చిరి. మతములు వేరైనను, దేశములు వేరైనను, రోగి విషయమున ఉభయులకును భేదము లేకపోయెను.

ఈ పద్ధతియే మన కాలమున పెద్దయెత్తున సాగినది. 1946లో స్థాపింపబడిన గుంటూరు వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో స్థిరపడిన వైద్యులు ‘జింకానా’ అను సంఘముగా ఏర్పడిరి. సర్వజన వైద్యశాలలో డాక్టరు పొదిల ప్రసాద్ పేరు వహించిన భవనము ఈ సంఘమును, ప్రభుత్వమును కలసి నిర్మించినదే. 2022లో డల్లాసులో జరిగిన సంఘసమావేశమున డాక్టరు గవిని ఉమ తల్లీబిడ్డల విభాగమునకు 20 కోట్ల రూపాయలు ప్రకటించిరి. తోడి వైద్యులు మరికొందరును ముందుకు వచ్చిరి. కాన్సరు కేంద్రమునకు భవనమును సమకూర్చినది నాట్కో ట్రస్టు. అది 2020లో ప్రారంభమయ్యెను. అంతకు పూర్వమే డాక్టరు గోపాలకృష్ణ గోఖలే సహృదయ ట్రస్టు తోడ్పాటుతో ఇచ్చట హృదయశస్త్రచికిత్సలు ప్రారంభించిరి; 2016లో గుండెమార్పిడియు జరిగెను. ఒకరు ధనము నిచ్చిరి. ఒకరు కట్టడము నిచ్చిరి. మరొకరు నైపుణ్యము నిచ్చిరి.

అయితే కాలువ త్రవ్వినంత మాత్రమున చేను పండదు. నీరు రావలెను, ఏటేట పూడిక తీయవలెను. ఆసుపత్రియు అట్టిదే. భవనము ఒకసారి కట్టిన చాలును; వైద్యుల జీతములు, నర్సులు, మందులు, విద్యుచ్ఛక్తి, యంత్రముల మరమ్మతు మాత్రము నిత్యవ్యయములు. దాత పేరు శిలాఫలకముపై నిలుచును గాని, ఈ నిత్యవ్యయమునకు శిలాఫలకము లేదు. దానిని ప్రధానముగా భరించునది ప్రభుత్వము. అనగా పన్నులు కట్టు ప్రజలు. అగ్గిపెట్టె కొను కూలివాడును ఆ విధముగా ఈ ఆసుపత్రికి దాతయే.

కావున దాతలు కలసినపుడు మొదటనే తేల్చుకొనవలసిన సంగతులు మూడు కలవు. ఏ కొరత ముందు తీరవలెనో ఆసుపత్రివారిని, రోగులను అడిగి నిర్ణయించుట మొదటిది. ఒకరు చేయుపనినే మరొకరు చేయక, పని పంచుకొనుట రెండవది. ప్రారంభోత్సవము ముగిసిన మరునాటినుండి ఖర్చు ఎవరిదో వ్రాసికొని, లెక్కలు అందరికిని చూపుట మూడవది. మూడవదానిని మరచినచోట యంత్రములు గుడ్డకప్పుకొని కూర్చుండును. రోగి మరల అప్పులవాని గడప త్రొక్కును.

దానము చేయువారికి కృతజ్ఞత తెలుపుట మన ధర్మము. ఆ దానము నడచుచున్నదా అని విచారించుటయు మన ధర్మమే.