నగర ప్రవాహాలు: పునరుద్ధరణ – సుందరీకరణ (సియోల్ అనుభవం, మూసీ సందర్భం)

1. ఉపోద్ఘాతం:
‘పునరుద్ధరణ’, ‘సుందరీకరణ’ అనే పదాలు నేటి అభివృద్ధి పరిభాషలో తరచూ పర్యాయపదాలుగా వినిపిస్తున్నాయి. వాస్తవానికి ఈ రెండింటికీ భేదం ఉంది. ఒడ్డును చూడముచ్చటగా తీర్చడం సుందరీకరణ. వాగుకు దాని ప్రవాహాన్ని, జీవరాశిని, వరద విస్తరించే చోటును తిరిగి కల్పించడం పునరుద్ధరణ.

2. వాగు ఆరోగ్యం:
నగరంలో నేలను సిమెంటు కప్పేసినప్పుడు వాననీరు ఇంకదు. ఒక్కసారిగా వాగులో చేరి ఒడ్లను కోస్తుంది. ఇంకిన నీరు లేనందున వేసవిలో ఊట తగ్గుతుంది. అప్పుడు వాగులో మిగిలేది మురుగే. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకోవడంతో చేపలు బతకలేవు. కాబట్టి మొదట మురుగును మళ్లించి శుద్ధి చేయాలి; పిదప ప్రవాహాన్ని నిలపాలి; ఆ తరువాతే ఒడ్డున స్థానిక వృక్షజాతులను పెంచాలి. ఈ క్రమం తారుమారైతే ఫలితం దక్కదు.

3. చొంగ్‌గ్యెచొన్ అనుభవం:
కొరియన్ భాషలో ‘చొన్’ అంటే వాగు. సియోల్ నగరంలోని ఈ వాగును 1958 నుంచి కాంక్రీటుతో కప్పి, దానిపై ఎత్తైన రహదారిని నిర్మించారు. 2003లో కూల్చివేత మొదలై, 2005 అక్టోబరు నాటికి సుమారు 5.8 కిలోమీటర్ల వాగు తిరిగి వెలుగు చూసింది. పరిసరాల వేడి తగ్గింది. చేపలు, పక్షుల జాతులు పెరిగాయి. అయితే అందులో పారే నీటిలో అధికభాగం హాన్ నది నుంచి ఎత్తిపోసినదే. మోటార్లు ఆగితే వాగూ ఆగుతుంది. అక్కడి వీధి వ్యాపారులు స్థానభ్రంశం చెందారు.

4. మూసీ సందర్భం:
2024 అక్టోబరులో తెలంగాణ మంత్రుల బృందం ఈ వాగును పరిశీలించింది. కానీ మూసీ సమస్య వేరు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది 1908లో హైదరాబాదును ముంచెత్తింది. వరద నివారణకై మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. ఎగువ నీరు అక్కడే నిలవడంతో, వానలు లేని కాలంలో నగరం గుండా పారేది ప్రధానంగా నాలాలు మోసుకొచ్చే మురుగే. దిగువ రైతులు ఆ నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. అంటే ఇక్కడ పని నది ఒడ్డున కాక, నాలాల వద్ద మొదలుకావాలి.

5. ముగింపు:
కనుక మూసీ పునరుద్ధరణను కట్టడాలతో కాక మూడు ప్రశ్నలతో కొలవడం సముచితం. వేసవిలో నదిలో పారే నీరు ఎక్కడిది? వరదకు చోటు మిగిలిందా? ఒడ్డున బతికినవారు ఎక్కడికి వెళ్లారు? వీటికి సమాధానం లేనిది సుందరీకరణే అవుతుంది.