మొక్కు గుర్రం, అంగడి గుర్రం

మీ ఊళ్ళో బోనాలకు, పెళ్ళిళ్ళకు కుండలు ఎవరు ఇస్తారు? కుమ్మరి ఇస్తాడు. పూర్వం అందుకు అతనికి నూర్పిళ్ళప్పుడు ‘మేర’ గింజలు కొలిచేవారు. పుదుచ్చేరి వైపు కుమ్మరులు దేవుడి కోసం కుండలే కాదు, గుర్రాలు కూడా చేస్తారు.

తమిళ పల్లెల్లో అయ్యనార్ ఊరి కావలి దేవుడు. రాత్రిపూట గుర్రమెక్కి పొలిమేర చుట్టి వస్తాడని నమ్మకం. కోరిక తీరినవారు ఆయనకు మట్టి గుర్రం సమర్పిస్తారు. ఇది మనిషి కంటే ఎత్తు కూడా ఉండవచ్చు. బంకమట్టిలో ఇసుక, ఊక కలుపుతారు. ముందు కాళ్ళు నిలబెట్టి, వాటిపైన లోపల బోలుగా ఒళ్ళు పెంచుతారు. ఎండకూ వానకూ అది మెల్లగా పెళ్ళలు ఊడుతుంది. ఊడినా తప్పు లేదు, మొక్కు తీరింది కదా! ఇంకొకరి మొక్కుకు ఇంకో గుర్రం కావాలి. కుమ్మరికి మళ్ళీ పని దొరుకుతుంది.

ఇప్పుడు పుదుచ్చేరి పట్టణంలోని వైట్ టౌన్‌కు వద్దాం. సముద్రం వైపు ఫ్రెంచివారు కట్టుకున్న పేట ఇది. ఇక్కడి మనకుళ వినాయకుడి గుడి ముందు గరిక మాలలు, తామర పూలు అమ్ముతారు. కొన్నవారు వాటిని దేవుడికి ఇచ్చేస్తారు. కానీ చేతిపనుల దుకాణంలో మట్టి గుర్రం కొన్న యాత్రికుడు దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. అది సంచిలో పట్టాలి, రైల్లో పగలకూడదు, ఏళ్ళ తరబడి బల్ల మీద నిలవాలి. కనుక కుమ్మరి గుర్రాన్ని చిన్నది చేశాడు, నునుపు పెంచాడు.

పట్టణానికి పడమరగా ఉన్న విల్లియనూర్ ఈ పనికి పేరుపొందింది. అక్కడి మట్టిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మట్టి బొమ్మల కళాకారుడు వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

పేరు వేరు, గిట్టుబాటు వేరు. మొక్కు గుర్రం చేయమని ముందే ఒకరు అడుగుతారు. దుకాణానికి చేసేటప్పుడు అలా అడిగేవారుండరు. పగిలినా, అమ్ముడుపోకపోయినా నష్టం చేసినవాడిదే.

ఒక లెక్క చూడండి. మట్టి, కట్టెలు, కూలి కలిపి 800 రూపాయలతో 10 గుర్రాలు చేశారనుకోండి. ఒక్కోటి 80 పడింది. కాల్చేటప్పుడు 2 పగిలాయి. మిగిలిన 8 గుర్రాలను 80 చొప్పున అమ్మితే వచ్చేది 640. అంటే 160 నష్టం! 800ను 8తో భాగించాలి. అప్పుడు ఒక్కోటి 100 అవుతుంది. లాభం ఇంకా కలపనే లేదు.

వీటిని వైట్ టౌన్‌కు చేర్చడానికి మరో 80 రూపాయలు ఖర్చయితే, ఒక్కో గుర్రం ఎంత పడుతుందో మీరే కట్టి చూడండి.