డిజిటల్ వోల్టుమీటరు
డిజిటల్ వోల్టుమీటరు విద్యుత్ వలయములోని రెండు బిందువుల మధ్య గల పొటెన్షియల్ భేదాన్ని అంకెలలో చూపే పరికరము. దీనిని సమాంతరముగా కలపాలి. కొలవవలసిన వోల్టేజి ఎంతో తెలియనప్పుడు పెద్ద రేంజితో మొదలుపెట్టి క్రమముగా తగ్గించాలి. మూడున్నర అంకెల మీటరులో 1.5 వోల్టుల ఘటాన్ని 200 వోల్టుల రేంజిలో కొలిస్తే దశాంశ బిందువు తరువాత ఒక్క అంకె, 2 వోల్టుల రేంజిలో మూడంకెలు కనిపిస్తాయి.

అంకెలు ఎక్కువైనంత మాత్రాన కొలత సరియైనదని భావించరాదు. మీటరు కూడా వలయము నుండి కొంత విద్యుత్తును గ్రహిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీకి రెండు 10 మెగాఓముల నిరోధాలను శ్రేణిలో కలిపితే ఒక్కొక్క నిరోధము కొనల మధ్య 4.5 వోల్టులు ఉంటాయి. 10 మెగాఓముల అంతర్నిరోధము గల మీటరును (చాలా మీటర్లు ఇటువంటివే) వాటిలో ఒకదానికి కలిపితే 3 వోల్టులే చూపుతుంది. మీటరు చెడిపోలేదు, వలయమే మారింది.

మల్టీమీటరును వోల్టుమీటరుగా వాడేటప్పుడు ఎర్ర తీగ ఆంపియరు రంధ్రములో లేదని ముందుగా చూసుకోవాలి. ఉంటే 230 వోల్టుల సరఫరాకు తాకించగానే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి మీటరు పేలవచ్చు.