ద్రాక్షపండ్ల నేరు యంత్రములు - గాలిలోని బూజు

సార్టెక్స్ బియ్యమను మాట మన సభ్యులకు క్రొత్తది కాదు. మిల్లులో గింజలు జారుచుండగా యంత్రపుకన్ను రంగుమారిన గింజను కనిపెట్టుటయు, వెంటనే గాలిపోటు దానిని ప్రక్కకు త్రోయుటయు అనేకులు చూచియే యుందురు. ఫ్రాన్సుదేశమందలి బోర్డోసీమలో ద్రాక్షసారాయము చేయువారు ఇట్టి యంత్రములనే 2008వ సంవత్సర ప్రాంతమునుండి వాడుకలోనికి దెచ్చుకొనిరి. అంతకుముందు కూలీలు బల్లకిరుప్రక్కల నిలిచి చేతితో నేరుచుండిరి. నేటికిని అట్లు చేయించువారు కలరు.

గుత్తులనుండి రాల్చిన పండ్లు అదరుచుండు బల్లపై విడివిడిగా సర్దుకొని, పట్టామీద ఒకే పొరగా సాగిపోవును. కెమెరా ప్రతి పండును చిత్రించును. కంప్యూటరు దాని రంగును, ఆకృతిని, పరిమాణమును యజమాని యేర్పరచిన కొలతతో పోల్చును. ఆకుముక్కలు, పచ్చికాయలు, ఎండినవి గాలిపోటుతో తొలగిపోవును.

అయితే యంత్రము చూచునది పైతోలును మాత్రమే. ద్రాక్షకు గొప్ప శత్రువగు బోట్రిటిస్ అను బూడిదరంగు బూజుయొక్క సిద్ధబీజములు గాలిలో తేలివచ్చి, పురుగు కొరికిన గంటునందో, వానకు పగిలిన తోలునందో చొరబడును. తొలిదశలో పండు చక్కగనే కనబడును గనుక కెమెరా దానిని మంచిపండనియే విడిచిపెట్టవచ్చును. ఈ బూజు పుట్టించు లాకేసు అను పదార్థము ఎఱ్ఱని సారాయమును గోధుమరంగునకు త్రిప్పి చెఱచును. వింత యేమనగా, బోర్డోకు దక్షిణమున నున్న సోటెర్న్ గ్రామములలో ఇదే బూజును కోరి రానిత్తురు. శరత్కాలమున సిరోన్ నదిమీది ప్రాతఃకాలపు మంచును, మధ్యాహ్నపు టెండయు కలిసినప్పుడు బూజుపట్టిన పండులోని నీరింకి తీపి చిక్కబడును. అచ్చటి కూలీలు తోటలో పలుమారులు తిరిగి, తగినట్లు బూజుపట్టినవానినే కోయుదురు. ఇట్టి వివేచన తోటలోని కత్తెరకే సాధ్యమని మాకు తోచుచున్నది.

ఇక మనుష్యుల మాట. ఎండిన బూజుపండును కదలించినను, దానిపై గాలి కొట్టినను బూజుపొడి లేచును. దానిని పలుమారులు పీల్చిన కొందరికి ఊపిరితిత్తులు వాయును. వైద్యులు దీనికి ద్రాక్షరైతు ఊపిరితిత్తి అను పేరు పెట్టిరి. పని ముగిసిన నాలుగు మొదలు ఎనిమిది గంటలకు చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము కలుగును. ఒకటి రెండు దినములలో తగ్గుటచేత రోగి పడిసెపుజ్వర మనుకొని మరల అదే పనికి బోవును. ఇట్లేండ్లతరబడి జరిగినచో ఊపిరితిత్తులు గట్టిపడి, పోయిన శక్తి తిరిగి రాదు.

కాబట్టి బూజు హెచ్చుగానున్న గుత్తులను తోటలోనే విడువవలెను. ఏరివేసిన చెత్తను మూతగల తొట్టెలలో వెంటనే బయటికి పంపవలెను. యంత్రమును గాలిగొట్టముతో ఊది శుభ్రపరచుట కూడదు, నీటితో కడుగవలెను. పాకలోని గాలి బయటికి లాగు పంకాయును, పనివారికి ఎన్95 ముసుగును ఉండవలెను. ముక్కునకు చుట్టిన తువాలు ఈ సన్నపు పొడిని ఆపజాలదు. బూజుపట్టిన వేరుసెనగ నొలుచు మన పాకలకును, తడిసిన గడ్డివాముల కడ పనికిని ఇదియే పద్ధతి. ఇట్టి పని చేసిన రాత్రి జ్వరము వచ్చినచో, ఆ పగలు తాను ముట్టిన సరకేదో వైద్యునకు చెప్పవలెను; ఆయన అడుగకపోయినను చెప్పవలెను.