ఐస్ హాకీ స్కేట్స్, స్టిక్ కొంటున్నారా? సైజ్ నుంచి సెటప్ దాకా పూర్తి గైడ్

మే నెలలో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి ఐస్ హాకీ అంటే, "పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది" అంటారు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి స్కేట్స్ మీద రాయడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది నా సొంత తప్పు. బీటెక్ అయ్యాక కంపెనీ పని మీద రెండేళ్లు టొరంటోలో ఉన్నా. ఆఫీస్ టీమ్ వాళ్లు వారానికోసారి హాకీ ఆడేవాళ్లు. నేనూ ఉత్సాహంగా వెళ్లి, షూ సైజ్ 9 కదా అని స్కేట్స్ కూడా 9 కొనేశా. మూడో వారానికి మడమ దగ్గర తోలు లేచిపోయింది, చీలమండలు పక్కకి వాలిపోయేవి. నాకే చేతకావడం లేదనుకున్నా. సైజ్ తప్పని తెలియడానికి నెలన్నర పట్టింది.

రెండోది కడపలో ఉన్న మా అక్క కొడుకు. పన్నెండేళ్లు. "మామా, నాకు స్కేట్లు కొనల్ల, ఏవి మంచివి?" అని ఫోన్ చేశాడు. ఆరోజు రిలీజ్ పనిలో ఉండి, "రేటింగ్ చూసి తీస్కోరా" అని పెట్టేశా. ఫోన్ గురించి అడిగుంటే చిప్ ఏంటి, బ్యాటరీ ఎంత అని అరగంట చెప్పేవాణ్ణి. వాడు రూ.2,500 పెట్టి మెత్తటి ప్లాస్టిక్ బూట్ ఉన్న స్కేట్స్ తెప్పించుకున్నాడు. గార్డ్స్ లేవు. రెండో వారం పడ్డాడు, మణికట్టు విరిగింది. ఐదు వారాలు కట్టు. అక్క ఒకే మాట అంది: "నువ్వు చెప్తేనే కదరా కొన్నాం."

ఆ రోజు నేను చెప్పాల్సింది ఇప్పుడు ఇక్కడ చెప్తున్నా.

ముందు తేల్చుకోండి: మీది ఏ హాకీ?

మన దగ్గర షాపులో "హాకీ స్టిక్" అడిగితే ఫీల్డ్ హాకీ స్టిక్ ఇస్తారు. దానికి ఒక వైపే చదునుగా ఉంటుంది, ఆ వైపుతోనే కొట్టాలి. ఐస్ హాకీ స్టిక్‌కి పొడవైన బ్లేడ్ ఉంటుంది, రెండు వైపులా వాడొచ్చు. రెండూ పూర్తిగా వేరు.

స్కేట్స్‌లో కూడా ఇదే గందరగోళం. ముందు రెండు, వెనక రెండు చక్రాలుంటే క్వాడ్. వాటితో ఆడేది రోలర్ హాకీ, దానికి పొట్టి స్టిక్, గట్టి బంతి. నాలుగు చక్రాలూ ఒకే వరసలో ఉంటే ఇన్‌లైన్. ఇన్‌లైన్ హాకీలో ఐస్ హాకీ లాంటి స్టిక్, పక్ వాడతారు. కోచింగ్‌లో చేరేవాళ్లు ముందు కోచ్‌ని "క్వాడా, ఇన్‌లైనా?" అని అడిగి తర్వాతే డబ్బు తీయండి.

మన దేశంలో ఐస్ హాకీకి అసలు ఇల్లు లడఖ్. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. డెహ్రాడూన్‌లో 2011లో ఇండోర్ ఐస్ రింక్ కట్టారు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన అమ్మాయిల జట్టు కాంస్యం గెలిచింది. కర్నూలు, కడపల్లో ఉన్నవాళ్లకు ప్రాక్టికల్ దారి ఇన్‌లైన్. కెనడా, అమెరికాలకు చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవాళ్లకు ఐస్. ఈ గైడ్ ఇద్దరికీ పనికొస్తుంది.

స్కేట్ సైజ్: షూ సైజ్ మర్చిపోండి

ఐస్ హాకీ స్కేట్ సాధారణంగా షూ సైజ్ కంటే 1 నుంచి 1.5 సైజులు తక్కువ వస్తుంది. నాకు షూ 9, సరిపోయిన స్కేట్ 7.5. కానీ ఈ లెక్క కూడా అంచనానే. ఇన్‌లైన్‌లో ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది. అందుకే పాదం సెంటీమీటర్లలో కొలవండి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టండి. సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకుని, కంపెనీ చార్ట్‌తో పోల్చండి.

పొడవు ఒక్కటే చాలదు, వెడల్పు కూడా చూడాలి. బావర్ కంపెనీ ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని ఇస్తుంది: సన్నం, మామూలు, వెడల్పు. సీసీఎమ్‌లో టేపర్డ్, రెగ్యులర్, వైడ్. చిన్నప్పట్నుంచీ చెప్పులేసుకుని తిరిగిన నా పాదానికి ఫిట్ 3 సరిపోయింది.

వేసుకున్నాక ఈ నాలుగు టెస్టులు చేయండి.

1. మడమను వెనక్కి తట్టి, లేసులు కట్టి నిలబడండి. వేళ్లు ముందుభాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి.
2. మోకాళ్లు వంచండి. వేళ్లు కాస్త వెనక్కి జరగాలి. అప్పుడూ నొక్కుకుంటుంటే చిన్న సైజ్.
3. ముందుకు వంగినప్పుడు మడమ పైకి లేవకూడదు. లేస్తే పెద్ద సైజ్. నా మడమ తోలు లేచింది ఇక్కడే.
4. లేసులు కట్టకముందు, పై నుంచి మూడో జత రంధ్రాల మీద పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు వైపులా ఆనకుండా పాదం మీద ఎత్తుగా నిలబడితే, బూట్ లోతు మీకు చాలదు.

పిల్లలకు "ఎదుగుతాడులే" అని రెండు సైజులు పెద్దవి కొనొద్దు. అర సైజ్ పెద్దది ఓకే, అంతకు మించి వద్దు. చీలమండకు పట్టు లేకపోతే పిల్లాడు పడేది ఆ ఖాళీ వల్లే. మా వాడి విషయంలో జరిగింది అదే.

ఐస్ స్కేట్స్ సెటప్: బేకింగ్, సాన

కాస్త మంచి స్కేట్స్‌ని షాపులో ప్రత్యేక ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల దగ్గర వేడిచేస్తారు. బూట్ మెత్తబడ్డాక వేసుకుని, లేసులు కట్టి, కదలకుండా కూర్చుంటే పాదం ఆకారానికి వస్తుంది. తర్వాత ఒక రోజంతా వాడకూడదు. ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగం చేయొద్దు. మన ఎండల్లో స్కేట్స్‌ని కారు డిక్కీలో పడేసి ఉంచినా బూట్‌కీ, జిగురుకీ మంచిది కాదు.

కొత్త స్కేట్ బ్లేడ్‌కి సాన పట్టించాకే ఐస్ మీదికి వెళ్లాలి. ఆ బ్లేడ్ కత్తిలా ఉండదు. సుమారు 3 మి.మీ. మందం, అడుగున పొడవునా ఒక గాడి, గాడికి రెండు వైపులా రెండు అంచులు. ఆ గాడి ఎంత లోతన్నదే అసలు స్పెక్. దాన్ని హాలో అంటారు. చాలామంది 1/2 అంగుళంతో మొదలుపెడతారు. అంకె తగ్గితే, అంటే 3/8 అంగుళం అయితే, గాడి లోతు ఎక్కువ, ఐస్‌ని గట్టిగా పట్టుకుంటుంది. 5/8 అంగుళం అయితే పట్టు తక్కువ, జారుడు ఎక్కువ. బరువున్నవాళ్లకు 5/8 హాయిగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల బరువే అంచులను ఐస్‌లోకి దింపుతుంది.

సాన పట్టించాక ఒక నాణెం అంచుల మీద అడ్డంగా పెట్టి చూడండి. ఒక పక్కకి వాలిందంటే రెండు అంచులూ సమానంగా లేవు, మళ్లీ పట్టమనండి. రింక్ బయట సిమెంట్ మీద నడవాలంటే బ్లేడ్ గార్డ్ తప్పనిసరి. ఆడాక గుడ్డతో తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది.

ఇన్‌లైన్ సెటప్: కడప బండలకూ తారు రోడ్డుకూ ఒకే చక్రం పనికిరాదు

ఇన్‌లైన్ చక్రం మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం: 72, 76, 80 మి.మీ. రెండోది గట్టితనం: 74ఏ, 78ఏ, 84ఏ ఇలా. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. ఇండోర్ నున్నటి ఫ్లోర్‌కి 74ఏ–78ఏ, తారు రోడ్డు, గరుకు సిమెంట్‌కి 82ఏ–84ఏ లేదా అంతకన్నా గట్టివి. మెత్తటి చక్రం నేలను బాగా పట్టుకుంటుంది కానీ గరుకు మీద రబ్బరులా అరిగిపోతుంది.

మా అక్క వాళ్ల ఇంటి ముందు వసారా అంతా పాలిష్ చేసిన కడప బండలు. మా వాడి స్కేట్స్‌కి వచ్చినవి గట్టి ప్లాస్టిక్ చక్రాలు. నున్నటి బండ మీద సన్నటి దుమ్ము, పైన గట్టి చక్రం. ఇక జారక ఏమవుతుంది? ఇంటి ముందు బండల మీదే నేర్చుకోవాలంటే ముందు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆరాక, మెత్తటి చక్రాలతో మొదలుపెట్టండి.

ఇక బేరింగ్స్. పెట్టె మీద "ఏబీఈసీ 9" అని పెద్దక్షరాలతో ఉంటుంది. కెమెరా మెగాపిక్సెల్ లాంటిదే ఈ అంకె. బేరింగ్ కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెప్తుంది తప్ప, స్టీల్ నాణ్యత, గ్రీజు గురించి ఏమీ చెప్పదు. మనకు చూడాల్సింది సీల్. స్కేట్స్‌లో ఉండేది 608 బేరింగ్: లోపల 8, బయట 22, వెడల్పు 7 మి.మీ. ఫిడ్జెట్ స్పిన్నర్ మధ్యలో ఉండేది కూడా ఇదే. చక్రానికి రెండు చొప్పున మొత్తం 16. మన సీమ దుమ్ముకి రబ్బర్ సీల్ ఉన్నవి మేలు. గరగర శబ్దం వస్తే తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక్కో చుక్క మెషిన్ ఆయిల్ వేయండి. డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయొద్దు. అది మురికిని కరిగిస్తుంది కానీ నిలబడే లూబ్రికెంట్ కాదు.

చక్రాల లోపలి అంచు ముందు అరుగుతుంది. అందుకే అప్పుడప్పుడు 1ని 3తో, 2ని 4తో మార్చి, తిప్పి బిగించండి. బైక్ టైర్లకి మనం చేయని పని, స్కేట్స్‌కి చేస్తే చక్రాలు చాలా కాలం వస్తాయి.

స్టిక్: నాలుగు అంకెలు, ఒక నిర్ణయం

ఎడమా, కుడా? ఫీల్డ్ హాకీలో అన్నీ కుడిచేతి వాటానికే. ఐస్ హాకీలో బ్లేడ్ వంపు వల్ల రెండు రకాలుంటాయి, కొన్నాక మార్చుకోలేం. కింది చెయ్యి ఏదైతే అదే మీ వైపు. కుడిచేత్తో క్రికెట్ బ్యాటింగ్ చేసేవాళ్లకు కింది చెయ్యి కుడి, కాబట్టి కుడి స్టిక్ సహజంగా అనిపిస్తుంది. కెనడాలో మాత్రం బలమైన చెయ్యి పైన ఉంటే స్టిక్ మీద అదుపు ఎక్కువని చాలామందికి ఎడమ ఇస్తారు. పొడవాటి కర్ర పట్టుకుని నేల ఊడ్చినట్టు రెండు వైపులా చేసి చూడండి. చేతులు ఏ వైపు కుదురుకుంటే అది.

పొడవు: చెప్పుల్లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్స్ వేసుకుంటే గడ్డం దాకా.

ఫ్లెక్స్: స్టిక్ ఎంత వంగుతుందో చెప్పే అంకె. బరువు పౌండ్లలో, అందులో సగం. నాకు 70 కిలోలు, అంటే 154 పౌండ్లు, సగం 77. కొత్తవాళ్లు ఇంకొంచెం తక్కువే తీసుకోవచ్చు, కాబట్టి 70 లేదా 75. మా వాడు 38 కిలోలు, అంటే దాదాపు 84 పౌండ్లు, సగం 42. వాడికి 40 ఫ్లెక్స్ జూనియర్ స్టిక్. గుర్తుంచుకోండి, పైన కోస్తే స్టిక్ గట్టిపడుతుంది. పెద్దవాళ్ల స్టిక్‌ని కోసి పిల్లాడికిస్తే అది గడ్డపారే.

కర్వ్: పీ92, పీ88, పీ28 అని ఉంటాయి. మొదటి స్టిక్‌కి పీ92 లేదా పీ88 చాలు.

లై: బ్లేడ్‌కీ కర్రకీ మధ్య కోణం. కొన్ని రోజులు ఆడాక టేప్ చూడండి. మడమ వైపే అరిగితే తక్కువ లై, కొస వైపే అరిగితే ఎక్కువ లై కావాలి.

చివరగా టేప్. బ్లేడ్ మీద మడమ నుంచి కొస వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టండి. పై కొన దగ్గర చిన్న ముడిలా చుడితే చెయ్యి జారదు.

బడ్జెట్ ఇలా పంచుకోండి

ముందు హెల్మెట్, మణికట్టు, మోకాలు, మోచేతి గార్డ్స్. తర్వాత స్కేట్స్. మిగిలిన దాంతో స్టిక్. ఖరీదైన కార్బన్ స్టిక్ మొదటి ఏడాది ఎవరికీ అక్కర్లేదు, చెక్కది చాలు. ఐస్ మీద ఆడేవాళ్లు ముఖానికి కేజ్, మెడకు గార్డ్ కూడా కొనండి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు మెడకు స్కేట్ బ్లేడ్ తగిలి చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన టోర్నీల్లో మెడ గార్డ్ తప్పనిసరి చేసింది.

ఫైనల్ మాట

మొన్న కట్టు విప్పారు. ఇక స్కేట్స్ పేరెత్తడనుకున్నా. అక్క ఫోన్ లాక్కుని, "మామా, నా పాదం 23.5 సెంటీమీటర్లు. గోడకు ఆనించి కొలిచినా" అన్నాడు. ఈసారి ఫోన్ పెట్టేయలేదు. గంటసేపు మాట్లాడాం. ముందు గార్డ్స్ ఆర్డర్ పెట్టాం. అవి ఇంటికొచ్చి, అక్క చేత్తో పట్టుకుని చూశాకే స్కేట్స్ అని మాట తీసుకున్నా.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటిదేదైనా అడిగితే, "రేటింగ్ చూసి తీస్కో" అనకండి. ఓ పది నిమిషాలు కూర్చుని, టేపు పెట్టి పాదం కొలవండి.