చీనా దేశపు విదురుడు

ప్రభువునకు రుచింపని సత్యమును బలుకువారు రెండు తెగలవారు. హితవు చెవికెక్కకపోగా సభను విడిచి యవతలి పక్షమున జేరినవాడు విభీషణుడు. ఎన్ని పరాభవములు పొందినను ఆ యింటనే యుండి, ఆ వంశము మేలునే కోరుచు, చెప్పవలసినది మరల మరల జెప్పినవాడు విదురుడు. చీనా పత్రికాలోకమున నీ రెండవ తెగకు జెందినవాడు దూ దావ్‌జెంగ్.

ఈయన 1923లో షాన్షీ రాష్ట్రమున జన్మించెను. 1937లో జపాను సేనలు చీనాపై బడిన యేట, ఇంకను బాల్యము వీడకమునుపే కమ్యూనిస్టు పక్షమున జేరెను. తరువాత ప్రభుత్వ వార్తాసంస్థయగు షిన్‌హువాలో విలేఖరిగా బనిచేసెను. 1959లో నాయకుల యాగ్రహమునకు గురియై, 'మితవాద అవకాశవాది' యను ముద్రను దాల్చవలసివచ్చెను. అయినను పక్షమును వీడలేదు. 1976లో మావో మరణించిన పిదప మరల పైకి వచ్చి, గ్వాంగ్‌మింగ్ దినపత్రికకు ప్రధాన సంపాదకుడయ్యెను. 1987 మొదలు 1989 వరకు పత్రికా ప్రచురణల ప్రభుత్వ శాఖకే యధిపతిగా నుండెను. దేశమున నేది యచ్చుపడవచ్చునో, యేది కూడదో నిర్ణయించు పీఠమది. అట్టి పీఠము నెక్కి దిగినవాడే పిమ్మట నిర్భయమైన పత్రికకు యజమానుడగుట విశేషము.

ఆ పత్రిక 1991లో వెలసెను. దీర్ఘయాత్రలో నడచిన వృద్ధసేనాని షియావ్ కే దీనికి వెన్నుదన్నుగా నిలిచెను. పేరు 'యన్‌హ్వాంగ్ చున్‌చియూ'. యన్, హ్వాంగ్ అనువారు చీనా జాతికి మూలపురుషులని చెప్పబడు పురాణప్రభువులు. చున్‌చియూ యనగా వసంత శరత్తులు. కన్‌ఫ్యూషియస్ రచించెనని సంప్రదాయము చెప్పు ప్రాచీన చరిత్రగ్రంథమునకును అదియే పేరు. రాజుల తప్పొప్పులను దాచక వ్రాయుట చరిత్రకారుని ధర్మమని యా పేరే చాటుచున్నది.

పత్రిక యా ధర్మమును గొంతవరకు నెరవేర్చెను. మావో కాలపు మహాక్షామమును గూర్చి, అన్యాయముగా శిక్షితులైన పక్షీయులను గూర్చి, వృద్ధులైన యధికారుల జ్ఞాపకములను ప్రకటించెను. ఆ క్షామముపై 'సమాధిశిల' యను గ్రంథమును వ్రాసిన యాంగ్ జిషెంగ్ దీని యుపసంపాదకులలో నొకడు. 1989లో విద్యార్థులపై సైన్యమును బ్రయోగించుటకు సమ్మతింపక పదవిని గోల్పోయిన జావ్ జియాంగ్ పేరు నుచ్చరించుటకే యితరులు జంకుచుండగా, 2010లో నాయనను గూర్చిన స్మృతివ్యాసము నీ పత్రిక ప్రకటించెను. నిర్బంధములో జావ్ రహస్యముగా ముద్రించిన మాటల టేపులు 2009లో విదేశమున గ్రంథరూపము దాల్చుటకు దోడ్పడినవారిలో దూ యొకడు.

అయినను తిరుగుబాటు పత్రిక కాదిది. కొన్ని విషయములను ముట్టక, కొన్ని హద్దులను దాటక నడచెను. పక్షము తన వాగ్దానములను, రాజ్యాంగమును తానే పాటింపవలెనని మాత్రమే దాని వాదము. 2001లో పదియేండ్ల పండుగనాడు వృద్ధనాయకుడు షీ జోంగ్‌షున్ పత్రిక బాగున్నదని స్వహస్తముతో వ్రాసి యిచ్చెను. ప్రతుల సంఖ్య క్రమముగా రెండు లక్షల వరకు బెరిగెను.

ఆ వృద్ధుని కుమారుడు షీ జిన్‌పింగ్ 2012లో పక్షాధినేత యయ్యెను. 2013 జనవరిలో రాజ్యాంగము నమలు జరుపుడని వ్రాసినందున పత్రికయొక్క అంతర్జాల స్థలము మూతపడెను. 2016 జూలైలో, పత్రికకు పోషకసంస్థయైన జాతీయ కళాపరిషత్తు తొంబదిరెండేండ్ల దూను దొలగించి, కార్యాలయమును వశపరచుకొనెను. జూలై 17వ తేదీన నాయన పత్రిక నిలిచిపోయినదనియు, ఇకమీదట నా పేరున వెలువడునది తమది కాదనియు బ్రకటించెను. క్రొత్తవారు పాతపేరుతోనే సంచికలను వెలువరించిరి. న్యాయస్థానము ఫిర్యాదును స్వీకరింపలేదు.

శత్రువు నోరు నొక్కుట యే ప్రభుత్వమైనను జేయగలదు. డెబ్బదియేండ్లకు పైగా తనతో నడచినవాని మాటను సైతము సహింపని ప్రభుత్వము, ఎవనివలన తన లోపమును దెలిసికొనగలదు? విదురుని వెడలగొట్టిన సభలో మిగులువారు అవునన్నవారే. క్షామకాలమున పంటలు మిక్కుటముగా నున్నవని పై యధికారులకు నివేదికలు పంపినవారును అట్టివారే. వారి మాట నమ్మి యేలినందుకు ఫలితము ననుభవించినది గ్రామములలోని కోట్ల జనులు. ఆ కథను మరువనీయక వ్రాసిన పత్రికకే యీ గతి పట్టినదన్న సంగతిని, ఏ దేశపు పాలకులైనను తమ పక్షమువారి విమర్శకు చెవులు మూసికొనునప్పుడు జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.